ఖాళీ డబ్బా తాగిన గ్యాస్

నాది పుట్టు అనుమానం. బొగ్గుబావుల ఊళ్లో పెరిగినదాన్ని, మా ఇళ్లలో గాలిని కూడా నమ్మరు. అందుకే సింగపూర్ ల్యాబులో మా గోదావరిఖని బొగ్గు బోలెడంత కార్బన్ డయాక్సైడ్‌ను పట్టేస్తోందని అందరూ మురిసిపోతుంటే, నాకు మాత్రం మింగుడుపడలేదు.

ఫ్యాక్టరీలు వదిలే ఆ గ్యాస్‌ను లోతైన బొగ్గు పొరల్లో దాచొచ్చా అన్నది మా పని. బొగ్గు నిండా కంటికి కనపడని సందులుంటాయి. ఇక్కడి తిండి అంగళ్ల హాకర్ సెంటర్లో బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి సీటు చోప్ చేసినట్టు, అంటే ముందే ఆపుకున్నట్టు, గ్యాస్ వాటిలో చోటు పట్టేసుకుంటుంది. ఉక్కు డబ్బాలో బొగ్గుపొడి పోసి గ్యాస్ వదులుతాం. ప్రెషర్ ఎంత తగ్గితే బొగ్గు అంత తీసుకున్నట్టు. సీట్లన్నీ నిండాక ప్రెషర్ నిలబడాలి కదా, ఇది నిలబడదే!

ఆ ప్రయోగం నాతో పనిచేసే కాకినాడ అతనిది. వచ్చిన రోజు నుంచీ నన్ను అక్కా అనే పిలిచేవాడు. శుక్రవారం ఆ ఫలితం పెద్దల ముందు పెడితే అతని ఉద్యోగం పొడిగిస్తారు, లేకపోతే పెట్టె సర్దుకోవడమే. అందుకే నా అనుమానం ముందు అతని మీదికే పోయింది. అంకెలు దిద్దుతున్నాడా? భోజనం దగ్గర కూడా అతని ముఖమే చూస్తుండేదాన్ని.

"ఏంటక్కా, నా ప్లేటులో కూడా లీకు ఎతుకుతున్నావా?" అని నవ్వేవాడు.

డబ్బాలో నైట్రోజన్ నింపి, మూత చుట్టూ సబ్బునీళ్లు పూసి చూపించాడు. ఒక్క బుడగ రాలేదు. మా ల్యాబులో అందరం లీకు చూసేది అలాగే, చేతికందే నైట్రోజన్‌తోనే.

బుధవారం అతను మకాన్‌కి, అదే భోజనానికి, వెళ్లగానే బొగ్గు తీసేసి, ఖాళీ డబ్బాలోకి కార్బన్ డయాక్సైడే వదిలాను. అయినా ప్రెషర్ తగ్గుతూనే ఉంది. మూత విప్పితే, దాని కింద గ్యాస్ పోకుండా బిగించే రబ్బరు రింగు నానిన శనగలా ఉబ్బింది. నైట్రోజన్‌ను ఆపిన రబ్బరే ఈ గ్యాస్‌ను పీల్చి బయటికి వదిలేస్తోంది. మా ఊరి బొగ్గుకు పేరొస్తుందని నాకూ ఆశ ఉండేది. ఏడుపొచ్చింది.

అతను వచ్చి రింగు చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని చూసి, నన్ను చూశాడు.

"నిజం చెప్పక్కా. నేను లేనప్పుడు రింగు మార్చేశావా?"

ఒళ్లు మండిపోయింది. "కొత్తది నువ్వే తెచ్చుకో. నువ్వే బిగించు. నేను ముట్టుకోను," అన్నాను.

బిగించి, గ్యాస్ వదిలాడు. నేను చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాను. ఖాళీ డబ్బా మీటర్లో అంకె మళ్లీ మెల్లగా దిగింది. అతను ఫోన్ తీసి, శుక్రవారం ఆ ఫలితం పెట్టలేనని మా ప్రొఫెసర్‌కు మెసేజ్ పెట్టాడు.

మర్నాడు హాకర్ సెంటర్లో ఎప్పట్లాగే టిష్యూ పొట్లం పెట్టి నాకు సీటు ఉంచాడు. నేను దగ్గరికి వెళ్లేసరికి లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి, మేడమ్," అన్నాడు.