ఒక అభ్యంతరం కోసం చిలకలగూడ దాకా

వరంగల్‌లో ఉదయం ఏడూ నలభైకి రైలెక్కాను. సికింద్రాబాద్‌లో నాకున్న పని ఒక్కటే: ఖాజా గారి చేత సరేననిపించడం.

మేం కొందరం జీతం లేకుండా ఒక డేటాబేస్, అంటే కంప్యూటర్‌లో లెక్కలు దాచే ప్రోగ్రాం, తయారుచేస్తుంటాం. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దానికి యజమాని లేడు. ఏ మార్పయినా మెయిల్‌లో అందరి ముందూ పెట్టాలి; ఒక్కరు కారణం చూపి వద్దన్నా, దానికి జవాబు దొరికేదాకా ఆగాలి. దాని వేగం పెంచడానికి నాలుగు నెలలు కూర్చుని నేను రాసిన మార్పు అలాగే ఆగిపోయింది. వద్దన్నది ఖాజా గారొక్కరే. కొత్త విడుదలలో చేర్చడానికి ఆ సాయంత్రమే గడువు.

ఎదురు సీట్లో, జనగామలో దిగాల్సిన పెద్దావిడ ఇదంతా విని నవ్వింది. "మా ఇంట్ల నలుగురం కూర ఏం వండాల్నో తేల్చుకోం. గింతమంది మీరెట్ల ఒప్పుకుంటరు బిడ్డా?"

"ఇదిగో, ఇలా రైళ్ళెక్కి," అన్నాను.

పదీ ఇరవైకి చేరాను. చిలకలగూడ వెళ్ళేవారు పదో నంబరు ప్లాట్‌ఫాం వైపు బయటికి రావడం మేలు. స్టేషన్‌లో పనులు నడుస్తున్నాయి, ఎక్కడికక్కడ రేకులు అడ్డం పెట్టారు; దారి అడగడానికి సిగ్గుపడితే చుట్టూ తిరగాల్సిందే. ఆటో అతను యాభై అన్నాడు. నడిచాను.

ఖాజా గారు మెడికల్ షాపులకు మా డేటాబేస్‌తో నడిచే బిల్లింగ్ కంప్యూటర్లు పెట్టిస్తారు. చూడడం అదే మొదటిసారైనా పాత చుట్టంలా కూర్చోబెట్టారు. నా మార్పు చేరితే, బిల్లు డిస్కు మీదికి ఎక్కకముందే 'భద్రం' అని తెర మీద వచ్చేస్తుంది. అందుకే అంత వేగం.

"కరెంటు పోతే ఏంది భాయ్? భద్రమని చెప్పినం గద, బిల్లు ఏడుంటది?"

వేగం లెక్కలు చూపించాను. "మంచిగనే ఉంది. కరెంటు పోతే?" అని మళ్ళీ అడిగారు. నేను మళ్ళీ వేగం గురించే చెప్పాను.

ఒంటిగంటకి ఇంటి నుంచి బగారన్నం, దాల్చా తెప్పించారు. వద్దంటే వినలేదు. రెండోసారి వడ్డిస్తూ, "సరే తియ్యుండ్రి. మా కోసం గింత దూరం వచ్చిండ్రు, మిమ్ముల పరేషాన్ చేసుడెందుకు? నేను అడ్డం రాను," అని ఫోన్ తీసి అందరికీ మెయిల్ పంపేశారు. నాలుగు నెలల్లో తేలనిది మూడు గంటల్లో తేలిందని నాకు ఒకటే సంబరం. దాల్చా మూడోసారి కూడా వేయించుకున్నాను.

తిరుగు రైలు నాలుగింటికి. సీటు దొరికింది. ఘట్‌కేసర్ దాటాక మెయిల్ తెరిచాను. ఖాజా గారు రాసింది రెండు ముక్కలే: "మాట్లాడుకున్నాం. నాకు అభ్యంతరం లేదు." దాని కింద వేరే దేశపు సభ్యురాలు అడిగింది: "సంతోషం. మరి కరెంటు పోతే ఏం చేయాలో ఏమని తేల్చారు?" అది ఎత్తిపొడుపు కాదు, మా రివాజు. ఇద్దరం ఎక్కడ కూర్చుని ఒప్పుకున్నా, కారణం అందరి ముందూ రాయాల్సిందే.

ఏదో ఒకటి రాసెయ్యవచ్చు. ఖాజా గారు కాదనరు. కాదనరని తెలిసే నాకు సిగ్గేసింది. గడువు ఇంకో గంటే ఉంది, నాలుగు నెలల పని తలచుకుంటే ప్రాణం ఉసూరుమంది. ఆలేరు దాటాక రాశాను: "ఏమీ తేల్చలేదు. ఇంటికొచ్చిన మనిషిని కాదనలేక ఖాజా గారు ఒప్పుకున్నారు. ఆయన అడిగిందే ఇప్పుడు నేను అడుగుతున్నాను. నా మార్పు ఆపండి."