కోరస్ కాదండి, కొరస్కేటింగ్

మొన్న మనవరాలి ఇంగ్లీషు వ్యాసంలో ఒక మాట కింద టీచరుగారు గీసిన పెన్సిల్ గీత చూసేసరికి, ఇన్నేళ్లుగా నాలో పడుకున్న కోపం లేచి కూర్చుంది. ఆ మాట కొరస్కేటింగ్. తళతళ మెరిసేది అని అర్థం. పిల్లకు దాన్ని నేర్పింది నేనే.

నాకు నేర్పింది మా నాన్నగారు. లూథరన్ బడిలో పనిచేసే ఆయన, సాయంత్రాలు అట్ట ఊడిన డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని, చుట్టాల కబుర్లు చెప్పినట్టు మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవారు. ఇది లాటిన్ నుంచి వచ్చిందట. అక్కడ మొదట కొమ్ములతో కుమ్మడమనీ, తర్వాత కత్తి ఝళిపించడమనీ, చివరికి వెలుగు కదులుతూ మెరవడమనీ అర్థం మారుతూ వచ్చిందట.

రాజమండ్రిలో ఇంటర్ చదివేటప్పుడు, వంతెన కింద ఎండలో గోదావరిని చూసి, వ్యాసంలో ఆ మాట రాశాను. ఇంగ్లీషు మాస్టారు దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, అలాంటి మాటే లేదని తేల్చి, క్లాసంతా వినేట్టు, "ఏమ్మా, చర్చిలో నువ్వు కోరస్ పాడింది చాలక గోదావరి చేత కూడా పాడిస్తున్నావా?" అన్నారు. మర్నాడు డిక్షనరీ మోసుకెళితే, తెరవకుండానే కూర్చోమన్నారు. ఆ రెండేళ్లూ నా పేరు కోరస్సే. అలా పిలిచినవాళ్లు ఏ బెంచీలో కూర్చునేవారో ఇప్పటికీ చెప్పగలను. వాళ్లలో ఒకావిడ ఆమధ్య పిఠాపురంలో కనబడి, ఎంతో ఆప్యాయంగా అదే పేరుతో పిలిస్తే, వినబడనట్టు ఆటో ఎక్కేశాను.

అందుకే పెన్సిల్ గీత చూడగానే, కళ్లజోడైనా పెట్టుకోకుండా, నాన్నగారి డిక్షనరీ సంచిలో వేసుకుని, స్కూలుకు పద అన్నాను. ఈసారైనా ఆ మాటకు న్యాయం జరగాలి. పిల్ల కదల్లేదు. ముందు పక్కన రాసింది చదువు అమ్మమ్మా అని కళ్లజోడు అందించింది. టీచరుగారు చిన్న అక్షరాలతో రాశారు: "ఈ మాట నాకు తెలియదు. బాగుంది. రేపు క్లాసులో అందరికీ చెప్పు."

ఫిర్యాదుకు ఏమీ మిగలక, సంచి ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. మర్నాడు పిల్ల కొమ్ముల కథతో సహా చెప్పొచ్చింది.

మా రోజుల్లో తెలియదనడం పంతుళ్లకు చిన్నతనంగా ఉండేది. మా మాస్టారు ఆ ఒక్క మాట అని ఉంటే, ఇన్నేళ్లూ నేను కొమ్ములు ఝళిపిస్తూ తిరిగేదాన్ని కాదేమో. ఆయన్ని క్షమించానని మాత్రం అనను. కానీ నిన్న బస్సులో వంతెన దాటుతుంటే, ఎండలో గోదావరి, చుట్టూ ఎర్ర సున్నా లేకుండా కనిపించింది.