పాలడబ్బాలో రాతిమొక్క

మలేషియాలో ఎడారేమిటని నవ్వకండి. పెరాక్‌లో సున్నపురాయి కొండల నడుమ ఒక లోయ ఉంది. ఒకప్పుడు తగరం కోసం తవ్వి, కడిగి, పారబోసిన తెల్ల ఇసకే కనుచూపు మేరా. మధ్యాహ్నం పూట చెప్పుల్లోంచి కూడా అరికాళ్ళు కాలతాయి. ఆ ఇసక చివర గోడలా లేచిన కొండ మీద ఎర్రరాయి రంగుతో గీసిన బొమ్మలున్నాయి. జింకలు, చేతులెత్తిన మనుషులు. వేల ఏళ్ళ నాటివట. బడి పుస్తకంలో చూసినప్పటి నుంచి నాకు అక్కడికి వెళ్ళాలని కోరిక.

సుంగై సుమున్‌లో బంధువుల పెళ్ళి చూసుకుని మేముండే క్లాంగ్‌కి తిరిగి వచ్చే రోజున, దారి కాకపోయినా కారు అటు తిప్పాను. పక్క సీట్లో మా పిన్ని. ఎస్టేటులో రబ్బరు పాల కోసం చెట్లు గీసిన మనిషి, ఇప్పుడు తొమ్మిదో అంతస్తులో నా ఫ్లాట్‌లోనే ఉంటోంది. ఆవిడకో జబ్బుంది. ఎవరింటి ముందు మొక్క కనిపించినా చెయ్యి ఊరుకోదు. అడిగి తెచ్చుకున్నది చచ్చిపోతుందట, అడక్కుండా తెచ్చిందే నాటుకుంటుందట.

నేను మెడ నొప్పెట్టేదాకా పైకి బొమ్మలు చూస్తున్నాను. పిన్ని కాస్త అవతల కొండ మొదట్లో గొంతుక్కూర్చుంది.

"ఓలమ్మ, ఇది సూడే! మట్టి నేదు, నీల్లు నేవు. ఏటి తిని బతుకుతందో!"

రాతి పగుల్లో అరచేతంత మొక్క. నూగు ఆకులు, రెండు ఊదా పూలు. పక్కనే బోర్డు: మొక్కలు తీస్తే జరిమానా. గట్టిగా చదివి వినిపించాను. "అలాగే లా" అంది, ఇక్కడందరిలా మాట చివర 'లా' తగిలించి, బుద్ధిమంతురాలిలా.

మర్నాడు పొద్దున చూస్తే మా బాల్కనీలో, పాలడబ్బాలో, ఆ మొక్క! నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇది దొంగతనం పిన్నీ! ఇలాంటివి ఇంకెక్కడా ఉండవేమో. వారంలో చస్తుంది చూడు."

చావలేదు. పిన్ని గులకరాళ్ళు నలగ్గొట్టి, తన తాంబూలం సున్నం చిటికెడు కలిపి డబ్బా నింపింది. "రాయిని తిని బతికిన పిల్ల కదే, దానికి సున్నం కావాల" అంది. రెండు నెలలకు మొగ్గ తొడిగింది. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని దాని దగ్గరే కూర్చునేది. నేను ఆఫీసుకి పోయాక ఆ ఫ్లాట్‌లో ఆవిడకు మాట్లాడేందుకు మరో ప్రాణి లేదు. నిజం చెప్పొద్దూ, అది బతికేకొద్దీ నాకు మరింత మండేది. తప్పు చేసిన మనిషిదే పైచెయ్యి అయితే ఎలా?

ఒకరోజు అనేశాను. "దొంగసొత్తు నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు."

'నా ఇంట్లో' అన్నాను. పిన్ని పాలడబ్బా తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది. ఆదివారం నేనొక్కదాన్నే మూడు గంటలు కారు నడిపి, ఆ మొక్కను దాని పగుల్లోనే వేళ్ళతో నొక్కి, ఏదో ఘనకార్యం చేసినట్టు ఇంటికొచ్చాను. ఆవిడ అన్నం పెట్టింది.

కొన్ని నెలల తర్వాత ఆఫీసు స్నేహితులకు బొమ్మలు చూపిద్దామని తీసుకెళ్ళాను. కొండ మొదట్లో రేకుల కంచె. లోపల లారీలు. బొమ్మలకు నలభై అడుగుల దూరం నుంచి కొండ అంచు మొత్తం పేల్చేశారు. అప్పుడే పగలగొట్టిన కొబ్బరిచిప్పలా తెల్లగా ఉంది. నా పగులు లేదు, నా మొక్క లేదు. ఇదేమిటయ్యా అని కాపలా అతన్ని నిలదీస్తే, పర్మిట్ ఉందన్నాడు.

పర్మిట్! ముసలావిడ ఒక మొక్కను కొంగులో పెట్టుకుంటే జరిమానా. కొండకు కొండ లారీకెత్తేవాడికి పర్మిట్! ఇదెక్కడి న్యాయం? ఆ రోజు నా నోటికొచ్చిన తిట్లు మూడు భాషల్లో ఉన్నాయి. కాపలా అతను పాపం తలవంచుకుని విన్నాడు.

సోమవారం నుంచి ఫోన్లు మొదలుపెట్టాను. ఈ ఆఫీసు కాదంటే ఆ ఆఫీసు. ఒకరు బొమ్మలు భద్రంగానే ఉన్నాయన్నారు. ఇంకొకరు ఆ అంచు రక్షిత స్థలం హద్దుకు బయట ఉందన్నారు. చివరికి ఒక అధికారి ఓపిగ్గా విన్నాడు. అలాంటి మొక్క అక్కడున్నట్టు రికార్డుల్లో లేదట. ఉందని రుజువైతే పని ఆపించి, మిగిలిన కొండంతా వెతికిస్తారట.

"ఒక్క మొక్క తెచ్చి చూపించండి చాలు" అన్నాడు.

నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. దొంగసొత్తుకు ఫొటో ఏమిటని తీయలేదు!

సాయంత్రం పిన్నికి చెప్పక తప్పలేదు. తమలపాకు ఈనె తీస్తున్న చెయ్యి ఆగింది.

"తెచ్చినప్పుడు దొంగన్నావు. ఇప్పుడు తెమ్మంటన్నారేటి?"

"అవును పిన్నీ."

తిడుతుందనుకున్నాను. తిట్టాల్సింది. ఆవిడ ఖాళీ బాల్కనీ వైపు చూసి, మామూలు గొంతుతో అంది:

"నా కాడుంటే ఇచ్చీసేదాన్ని కదే."