చెరుకు మడిలో ఖోఖో

నిజామాబాద్‌లో మా అమ్మాయి ఖోఖో నేర్చుకునే అకాడమీ తలుపు తీయగానే కొత్త రబ్బరు చాపల వాసన గుప్పున కొడుతుంది. పిల్లలకది ఇష్టం. నాకు మాత్రం ఆ వాసన తగలగానే బోధన్ పక్కన మా ఊరూ, గాలి చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి మళ్ళితే అన్నం కంచం దాకా వచ్చే మొలాసిస్ వాసనా గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంటుంది.

మా ఊళ్ళో ఆటల సంఘమంటే చర్చి ఆవరణలో ఒక రేకుల గది, అందులో క్యారం బోర్డు, బయట మగపిల్లల వాలీబాల్ నెట్టు. ఆడపిల్లల్ని క్రిస్మస్‌కు గరిజెలు తినడానికి పిలిచేవాళ్ళు, అంతే. ఆ లోటు తీర్చింది రాహేలక్క. చర్చి వెనక కూలి చేసుకునే కుటుంబం వాళ్ళది. మిషన్ హాస్టల్లో చదివినప్పుడు ఖోఖో నేర్చుకుని వచ్చింది. మా బాపును బతిమాలి, ఆ ఏడు అందరికంటే ముందు చెరుకు కొట్టేసిన మా మడి అడిగింది. గడ్డపారలతో మేమే మోళ్ళు పెళ్ళగించి, రాళ్ళు ఏరి, పాత బండి నొగలు రెండు స్తంభాలుగా పాతి, చీకటి పడేదాకా ఉరికేవాళ్ళం. ఆటకు తొమ్మిది మంది కావాలి, సరిగ్గా తొమ్మిది మందిమే ఉండేవాళ్ళం, అందుకని జ్వరమొచ్చినా ఎవరూ మానేవాళ్ళు కాదు. గీరుకుపోయిన కాళ్ళకు అమ్మ పసుపు రాస్తూ తిట్టేది. ఆ తిట్లు కూడా ఇప్పుడు కావాలనిపిస్తుంది.

నాకు పన్నెండేళ్ళు నిండాయి, ఎదిగిన పిల్లకు ఉరుకులేంటన్న ఊరి మాటలు బాపు చెవిన పడ్డాయి. బోధన్‌లో పోటీ ఉందని చెబితే ఎడ్ల మెడలు నిమురుతూ, నా వైపు చూడకుండా అన్నాడు, "గీ ఒక్క ఆట ఆడు. ఇగ బంద్ జెయ్యి."

ఆ మాట పోయి రాహేలక్కకు చెప్పాను. గెలిస్తే బాపు మనసు మారుతుందని రాహేలక్క ధైర్యం చెప్పింది.

పోటీలో ఊరి పరువు నిలవాలని పెద్దలు మాకు తెల్ల కాన్వాస్ బూట్లు కొనిచ్చారు. మాలో ఎవరమూ అంతకుముందు బూట్లు తొడిగిన వాళ్ళం కాదు. మట్టి అంటుతుందని బోధన్ దాకా చేత్తో పట్టుకుపోయి, మైదానంలోకి దిగేముందు వేసుకున్నాం. మొదటి మలుపుకే నేను జారి పడ్డాను. నా వెనకే ఇంకో ఇద్దరు. విప్పేద్దామంటే పెద్దలు చిన్నబుచ్చుకుంటారని భయం. చివరికి రాహేలక్క "ఇప్పుండ్రి" అనేసరికి ఆట చెయ్యి దాటిపోయింది.

కళ్ళు తుడుచుకుంటూ తలెత్తితే జనం వెనక బాపు కనిపించాడు. ఫ్యాక్టరీ గేటు ముందు చెరుకు బండ్ల వరుసలో ఉండాల్సిన మనిషి. వరుస వదిలితే మళ్ళీ చివరికి పోవాలి, తెల్లారేదాకా చలిలో కాచుకోవాలి. మర్నాడు బండి తోలుకొచ్చి, ముఖం కడుక్కుంటూ కసిరాడు. "బూట్లెందుకేసుకున్నరు? ఉత్త కాళ్లతోనైతే నిన్నెవలు వడ్తరు? పో, మల్ల ఆడుపో."

పరుగున మడికి వెళ్తే అక్కడ ఎవరూ లేరు. మిగతా పిల్లల బాపులు ఆట చూడలేదు, ఓడిపోయారన్న మాటే విన్నారు, ఇక ఆట చాలని పిల్లల్ని ఆపేశారు. రాహేలక్క వాళ్ళు చెరుకు కొట్టే పనికి ఆ పొద్దునే మహారాష్ట్ర బయలుదేరారట, ఇక జట్టు బాధ్యత నాదని అక్క మా అమ్మతో చెప్పి పోయిందట. ఇల్లిల్లూ తిరిగాను. ఇద్దరొచ్చారు. ముగ్గురితో ఖోఖో ఎట్లా ఆడతాం? నాలుగు రోజులు ఆ స్తంభాల మధ్య ఊరికే ఉరికి మానేశాను. వానలు పడగానే బాపు ఆ మడి దున్ని పసుపు పెట్టాడు. రాహేలక్క వాళ్ళు మళ్ళీ మా ఊరికి రాలేదు.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ మూతపడింది, ఎడ్లబండ్ల వరుస లేదు, ఆ వాసన లేదు, బాపు లేడు. అకాడమీకి మాత్రం బాల్కొండ నుంచీ రుద్రూర్ నుంచీ ఆడపిల్లలు వస్తున్నారు, తండ్రులే స్కూటర్ల మీద దింపి పోతున్నారు. చూసి సంతోషిస్తాను, కొంచెం కుళ్ళుకుంటాను కూడా.

పోయిన వారం ఒక పెద్దామె మనవరాలిని చేర్పించడానికి వచ్చింది. జుట్టు నెరిసింది గానీ ఆ నడక రాహేలక్కదే. నన్ను గుర్తుపట్టి, పక్కన కూర్చోబెట్టుకుని, చాలాసేపు చెయ్యి వదల్లేదు.

"నేను పోయినంక ఎన్నేండ్లు ఆడిండ్రు పిల్లా?"

చాపల మీద ఉరుకుతున్న మా అమ్మాయి వైపు చూస్తూ, "శానా ఏండ్లు ఆడినం అక్క" అన్నాను.

"నాకెర్కనే," అంది రాహేలక్క, "నువ్వు ఇడిసిపెట్టవని."