కొరికితే గానీ నమ్మని మావయ్య

మా మావయ్య దేన్నైనా కొరికి చూస్తే గానీ నమ్మడు. ఇది అతిశయోక్తి కాదు. నేను అతిశయోక్తులు చెప్తాను, ఒప్పుకుంటాను, కానీ అవి తర్వాత వస్తాయి. కొత్త గొడుగు పిడి, బట్టలారేసే తాడు, టైల్స్ దుకాణంలో నమూనా పలక, ఏదైనా సరే. అందరూ కళ్లతో చూస్తారు, చేత్తో తడుముతారు. మావయ్య అటూ ఇటూ చూసి చటుక్కున నోట్లో పెట్టుకుంటాడు. రెండు నమిలి, తల పక్కకి వంచి తీర్పు చెప్తాడు.

"గట్టిదే" అంటాడు. లేదా "ఉహూఁ, నిలవదు" అంటాడు. మూడో మాట ఉండదు.

ఒకసారి కళ్లజోళ్ల దుకాణంలో పక్కనున్నాయన జోడు తీసి బల్ల మీద పెట్టాడు. మావయ్య అది అమ్మకానికే ఉందనుకుని కాడ కొరికాడు. ఆయన లబోదిబోమన్నాడు.

"కంగారు పడకండి, మీది గట్టిదే" అని తుడిచి ఇచ్చాడు మావయ్య.

"ఈ మనిషి లోకంలో కొరక్కుండా నమ్మింది నన్నొక్కదాన్నే" అంటుంది అత్తయ్య. "ఆ ఒక్కసారీ కొరికి చూసినా బావుండేది. ఇద్దరం బతికిపోయేవాళ్లం."

ఈ అలవాటు చెప్పుల ఫ్యాక్టరీలో అంటుకుందని మావయ్య అంటాడు. అక్కడ ముప్పై రెండేళ్లు అడుగు అట్టలు తనిఖీ చేశాడు. మా అమ్మ మాత్రం, "అదంతా కోతలే. వీడు పళ్లు రాకముందే ఉయ్యాల చువ్వలు కొరికాడు" అంటుంది. అక్క మాటకి ఎదురు చెప్పే ధైర్యం లేక మావయ్య చేతిలో ఏదుంటే అది కొరుకుతాడు.

నేను కుక్కల బొమ్మలు తయారుచేసే కంపెనీలో పరీక్షల రిపోర్టులు రాస్తాను. కొన్ని కుక్కలకి కొరకడమే బతుకు. మామూలు మెత్తబొమ్మ వాటి ముందు కాగితం పొట్లంతో సమానం. అలాంటి కుక్కల కోసం మేం లోపల మందపాటి కాన్వాసు, పైన మెత్తటి గుడ్డ, అంచుల్లో రెండు వరసల కుట్టు వేసి బొమ్మలు చేస్తాం. కడుపులో దూది, దూదిలో నొక్కితే కీచుమనే చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటాయి. బొమ్మ చిరిగి ఆ డబ్బా బయటికొస్తే కుక్క మింగుతుంది, గొంతులో అడ్డం పడుతుంది. అందుకే మొండి కుక్కకిచ్చి పరీక్ష చేయిస్తాం. పావుగంట నిలిస్తే పాస్.

పరీక్ష గదికి ఓపికైన మనిషి కావాలని మా మేడం అంటే, రిటైరై ఇంట్లో రిమోట్లు కొరుకుతున్న మావయ్యని తీసుకెళ్లాను. మేడం బల్ల మీద గుడ్డ బాతు ఉంది. మావయ్య దాన్ని చూశాడు. నేను వద్దు వద్దని కళ్లతో బతిమాలాను. అప్పటికే బాతు మెడ నోట్లో ఉంది.

"ఎడమ రెక్క కుట్టు నిలవదు" అన్నాడు మావయ్య.

మేడం వెంటనే బాతుని పక్కింటి కుక్కకి వేయించింది. రెండు నిమిషాల్లో ఎడమ రెక్క ఊడొచ్చింది.

"మావయ్యగారూ, రేపటి నుంచి రండి" అంది మేడం. ఆ రోజు నుంచి మా ఆఫీసులో టైలర్ మాస్టారు మొదలు ఊడ్చే ఆవిడ దాకా అందరికీ ఆయన మావయ్యే అయ్యాడు.

ఇక మా పరీక్షల కుక్క. మావయ్య చేరిన వారానికి వచ్చింది. పేరు రంపం. గోధుమరంగు ఒళ్లు, ఒక చెవి పైకి, ఒకటి కిందికి. కుక్కల షెల్టర్ నడిపే ఆవిడ తెచ్చి అప్పగించింది. అప్పటికి నాలుగిళ్లు దాన్ని పెంచుకుంటామని తీసుకెళ్లి వెనక్కి పంపేశాయట. మొదటి ఇంట్లో సోఫా తినేసింది. రెండో ఇంట్లో మూడు జతల బూట్లు, ఒక సూట్‌కేసు. మూడో ఇంట్లో తలుపు. నాలుగో ఇంట్లో కారు వెనక సీటు, అదీ కారు నడుస్తుండగా.

"కొరికినన్నాళ్లు మీ దగ్గర ఉంచుకోండి. మీకు పని లేనప్పుడు పంపేయండి" అంది షెల్టర్ ఆవిడ. "కాకపోతే ఒక మాట. ఐదోసారి తిరిగొచ్చిన కుక్కని ఇంకెవరూ అడగరు. ఇక జన్మంతా షెల్టర్లో ఇనప జాలీ గదే."

"నేనేం చెయ్యనమ్మా, ఇది ఆఫీసు" అని మేడం మూడుసార్లు తుమ్మింది. కుక్క వెంట్రుక పడదు ఆవిడకి. కుక్కల బొమ్మలతో బతికే మనిషికి కుక్కంటే తుమ్ములు రావడం ఆవిడ ఖర్మ. "కొరకని కుక్కతో నాకేం పని?"

మావయ్య మాత్రం గొంతుక్కూర్చుని రంపం మొహంలోకి చూశాడు. అది ఆయన చొక్కా చెయ్యి నోట్లో పెట్టుకుని రెండు నమిలింది.

"వీడూ నాలాంటివాడే" అన్నాడు మావయ్య మురిసిపోతూ. "కొరికితే గానీ నమ్మడు."

మొదటి నాలుగు నెలలూ మేమంతా గాజు కిటికీలోంచి చూస్తుండగానే పరీక్షలు జరిగేవి. ఆ తర్వాత మావయ్య కిటికీకి తెర కట్టి, తలుపు మూయడం మొదలుపెట్టాడు.

"అదేంటి మావయ్యా?" అన్నాను.

"కొరికేవాడికి ఏకాంతం కావాలమ్మా. పదిమంది చూస్తుంటే నువ్వు తృప్తిగా తినగలవా?"

నేను తినగలను. అయినా పెద్దాయన మాట కాదనలేదు. లోపల్నుంచి 'గుర్ర్, గుర్ర్' అని వినిపించేది. బయట మేడం గుండె పట్టుకుని, "అబ్బ, ఎంత కసిగా కొరుకుతోందో!" అనేది. కాసేపటికి మావయ్య మీసాల నిండా దూదితో బయటికొచ్చి, ముక్కలైన బొమ్మ నా బల్ల మీద పెట్టేవాడు.

"మొసలి. మూడు నిమిషాల నలభై సెకన్లు. నిలవదు."

నేను శ్రద్ధగా రాసేదాన్ని: 'శునకం అమితోత్సాహంతో మొసలి తోకను ఛేదించినది.' ఒకసారి ఇది కూడా రాశాను: 'ఇన్ని నెలలు కొరికినా శునకం పళ్లు ఇసుమంతైనా అరగకపోవడం గమనార్హం.' నా తెలివి అలాంటిది.

పదకొండు నెలల్లో ఒక్క బొమ్మ పాసవలేదు. టైలర్ మాస్టారి తల ప్రాణం తోకకొచ్చింది.

"నా కుట్టు ఏనుగు లాగినా ఊడదండీ!"

"ఏనుగు లాగితే ఊడదేమో మాస్టారూ. పంటికి ఊడింది" అనేవాడు మావయ్య.

"ఒక్క సెకను కూడా కనికరించరా?"

"మీరు నన్ను బతిమాలితే సరే. ఏదో ఇంట్లో కుక్క ఈ డబ్బా మింగి గిలగిల్లాడితే అప్పుడెవర్ని బతిమాలతారు?"

మాస్టారు విసవిసా వెళ్లి ఇంకో వరస కుట్టేవాడు.

ఇంటి దగ్గర మావయ్యది ఇంకో బాధ. ఆయనకి రంపాన్ని ఇంటికి తెచ్చుకోవాలని ఉంది. అత్తయ్యకి కొత్త సోఫా ఉంది. ఏడేళ్లు ఆలోచించి కొనుక్కున్న నీలం సోఫా అది. చుట్టాలొచ్చినా, "నేల చల్లగా ఉంటుంది, కూర్చోండి" అంటుంది.

"వాడు బుద్ధిమంతుడే. ఏమీ కొరకడు" అన్నాడు మావయ్య ఒక రోజు, నా ముందే.

అత్తయ్య లేచి వెళ్లి బీరువాలోంచి ఒక ఫైలు తెచ్చింది. మావయ్య గొప్పగా ఇంటికి తెచ్చి చూపించుకున్న నా రిపోర్టులే అవి.

"మొసలి, మూడు నిమిషాల నలభై సెకన్లు. ఖడ్గమృగం, అయిదు నిమిషాలు. ఇది మీ సంతకమేనా?"

"నాదే."

"ఖడ్గమృగానికే అయిదు నిమిషాలైతే, నా సోఫాకి ఎంతసేపో మీరే లెక్క చెప్పండి."

మావయ్య పక్కనున్న పత్రిక అంచు కొరికాడు. ఆయన ఎందుకలా ఇరుకున పడ్డాడో నాకప్పుడు అర్థం కాలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్న మాట నిజంగా ఎవరికైనా వర్తిస్తే అది ఆ రోజు మావయ్యకే.

ఇంతలో అసలు పరీక్ష రోజు రానే వచ్చింది. రెండొందల దుకాణాలున్న ఒక సంస్థ నుంచి ఇద్దరు పెద్దమనుషులు మా బొమ్మలు చూడ్డానికొచ్చారు. మాస్టారు నెలరోజులు కూర్చుని మూడు వరసల కుట్టుతో ఒక ఎలుగుబంటిని చేశాడు. అది కూడా ఫెయిలైతే బొమ్మలు మానేసి దిండు గలీబులు కుట్టుకుందామని మేడం మాతో ముందే చెప్పింది.

"ఇవాళ తెర తీసెయ్యండి మావయ్యగారూ. వీళ్లు కళ్లారా చూడాలట" అంది మేడం.

మావయ్య తెరకి అడ్డం నిలబడ్డాడు. "ఏకాంతం..." అని గొణిగాడు. ఎవరూ చెవిన వేసుకోలేదు. సరిగ్గా అప్పుడే, ఆయన మరిచిపోయిన కళ్లజోడు పట్టుకుని అత్తయ్య కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది.

నేను స్టాప్‌వాచ్ నొక్కాను. మావయ్య ఎలుగుబంటిని రంపం ముందు పెట్టాడు. రంపం దాన్ని వాసన చూసింది. ముక్కు మీద ఒకసారి నాకింది. నోట కరుచుకుని మూలకి తీసుకెళ్లి, దాని పొట్ట మీద తల పెట్టి పడుకుంది. రెండో నిమిషానికి గురక మొదలైంది.

పావుగంట అయింది. ఎలుగుబంటి ఒంటి మీద కాస్త చొంగ తప్ప ఇంకేమీ లేదు.

"అద్భుతం! పన్ను మోపడానికే భయపడింది!" అని పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. మాస్టారు కళ్లొత్తుకున్నాడు. మేడం సంతోషం పట్టలేక నాలుగుసార్లు తుమ్మి, "పాస్ అని రాయమ్మా, రాయి!" అంది. నేను పెన్ను తీశాను.

"రాయకు" అన్నాడు మావయ్య.

అందరం ఆయన వైపు తిరిగాం. ఆయన రంపాన్ని చూస్తున్నాడు. అది నిద్రలో తోక ఆడిస్తోంది.

"వాడు కొరకడం మానేసి ఏడు నెలలైంది" అన్నాడు. "ఒంటరిగా వదిలేసినప్పుడు కొరికేవాడు పాపం. ఇక్కడ రోజంతా పక్కన మనిషి ఉంటున్నాడు కదా, మెల్లిగా మానేశాడు. ఇప్పుడు బొమ్మ ఇస్తే దాంతో కాపురం చేస్తాడు తప్ప చింపడు. వీణ్ని నమ్మి ఆ బొమ్మ అమ్మకండి."

"మరి ఈ ఏడు నెలలూ బొమ్మలు చింపిందెవరు?" అంది మేడం.

మావయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడి, మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఆ గుర్రుమన్నది కూడా...?" అన్నాను నేను.

"ఊరికే కొరికితే మీకు అనుమానం రాదూ?" అన్నాడు నేల చూస్తూ.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి ఎక్కిళ్లు వచ్చాయి. మావయ్య నోరు మూసుకుని ఊరుకుంటే ఆ పూటకి అందరం సంతోషంగా ఇళ్లకి పోయేవాళ్లం. కానీ ఊరూ పేరూ తెలియని ఏ కుక్క గొంతులోనో ఆ డబ్బా అడ్డం పడుతుందేమోనని, ఏడు నెలలు పళ్లతో కాపాడిన ఈ కుక్కని తన నోటితోనే పోగొట్టుకుంటున్నాడు. ఆ పిచ్చి మనిషి మా మావయ్య అయినందుకు నాకెంత గర్వమనిపించిందో చెప్పలేను.

అందరికన్నా ముందు తేరుకున్నది టైలర్ మాస్టారు. "అంటే ఇన్నాళ్లూ నేను ఓడిపోయింది కుక్క చేతిలో కాదా? మనిషి చేతిలోనా?" అని ఛాతీ కొట్టుకున్నాడు. "అయితే ఇప్పుడు కొరకండి! అందరి ముందూ కొరకండి!"

మావయ్య రంపం తల కింద తన తువ్వాలు పెట్టి, మెల్లిగా ఎలుగుబంటిని లాగి, స్టూలు మీద కూర్చున్నాడు. నేను మళ్లీ వాచ్ నొక్కాను. చెవి పట్టాడు, రాలేదు. కాలి సందు పట్టాడు, రాలేదు. అలవాటు కొద్దీ గుర్రుమన్నాడు. వచ్చిన పెద్దమనుషుల్లో ఒకాయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. పద్నాలుగో నిమిషంలో 'టక్' మని చప్పుడైంది.

"ఊడింది!" అన్నాం అందరం.

మావయ్య ఎలుగుబంటి మెడ కుట్టులో ఇరుక్కున్న తన పన్ను పీకి, వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. తర్వాత ఎలుగుబంటిని చూశాడు. ఒక్క దారం కూడా లేవలేదు.

"గట్టిదే" అన్నాడు.

మాస్టారు ఆయన్ని కావలించుకుని భోరుమన్నాడు. పెద్దమనుషులు మాత్రం రేపు ఇంకో మొండి కుక్కతో కూడా చూపించమన్నారు. "మాకు ఈయన మీద నమ్మకం లేక కాదు. పెట్టె మీద 'మావయ్య పరీక్షించినది' అని రాయలేం కదా" అన్నారు. మేడం సరేనంది. తర్వాత కాస్త ఇబ్బందిగా నా వైపు తిరిగి, "షెల్టర్ ఆవిడకి ఫోన్ చెయ్యమ్మా. ఈ కుక్కతో మనకిక..." అంటుండగా తుమ్మొచ్చి ఆగిపోయింది.

ఆ తుమ్ము సందులో అత్తయ్య ముందుకొచ్చింది.

"ఏమండీ, ఏడు నెలలుగా ఇది ఏదీ కొరకలేదా?"

"లేదు."

"ఖడ్గమృగాన్ని చింపింది మీరా?"

"నేనే."

"అయితే నేను ఇన్నాళ్లూ ఇంట్లోకి రానివ్వాల్సినదాన్ని ఆపి, ఆపాల్సినదాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నానన్నమాట" అంది అత్తయ్య. వంగి రంపం గొలుసు అందుకుంది. రంపం లేచి ఆవిడ చెంగు వాసన చూసి, మారు మాట్లాడకుండా వెంట నడిచింది.

వారం తర్వాత షెల్టర్ ఆవిడ ఇల్లు చూడ్డానికొచ్చింది. నీలం సోఫా మీద రంపం ఉంది, నేల మీద మావయ్య ఉన్నాడు. ఆవిడ ఒక ఫారం ఇచ్చి నింపమంది. అందులో ఒక ప్రశ్న: 'ఇంట్లో కొరికే అలవాటున్న జంతువులు ఇంకేమైనా ఉన్నాయా? ఉంటే వివరాలు రాయండి.'

అత్తయ్య మావయ్యకి కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని రాసింది. నేను ఆవిడ భుజం మీంచి చదివేశాను.

'ఒకటి ఉంది. వయసు అరవై మూడు. ఒక పన్ను ఊడింది. మనసు మెత్తన. ఎవరికీ ఇవ్వబడదు.'