తీసిన గాలి, పోయిన గాలి

వేరే షెడ్లలో ఏళ్ల తరబడి పనిచేశాక, 2011లో నేను చందానగర్‌లో ఒక ప్రైవేటు బస్సుల యార్డులో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌గా చేరాను. హైటెక్ సిటీ కంపెనీల ఉద్యోగులను ఇళ్ల దగ్గర ఎక్కించుకుని ఆఫీసుల్లో దించే బస్సులు మావి. నా పైన మేనేజరు, కింద ఫిట్టర్లు, టైర్‌మన్లు. టైర్‌మన్ అంటే చక్రం విప్పి, టైరు మార్చి, గాలి నింపేవాడు. అది పంక్చర్ షాపు పనే కదా అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ఒళ్లు మండేది. అలాంటి నేను మా టైర్‌మన్ సాయిలు మాట వినాల్సిన రోజున వినలేదు.

ఆ బస్సుల చక్రానికి రిమ్ము ఒకే ముక్కగా ఉండేది కాదు. టైరు ఎక్కించాక బయటివైపు ఒక ఇనుప రింగు, దాన్ని పట్టి ఉంచడానికి గాడిలో కూర్చునే లాక్ రింగు అమర్చాలి. లోపలినుంచి వంద పౌన్ల గాలి తోస్తుంటే ఆపేది ఆ లాక్ రింగే. అది గాడిలో సరిగ్గా కూర్చోకపోతే ఊడి ఎగురుతుంది, ఎదురుగా ఉన్నది గోడా మనిషా అని చూడదు. అందుకే గాలి లేని చక్రాన్ని బండినుంచి దించి, విప్పి, గాడిని తుడిచి చూసి, ఇనుప బోనులో పెట్టి, పొడవాటి గొట్టంతో పక్కనుంచి గాలి నింపాలి. రూలు అంతే, మినహాయింపు లేదు.

మినహాయింపు మేం పెట్టుకున్నాం. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. బంద్ నాడు ఆందోళనకారులు బస్సు ఆపితే, వాల్వు పిన్ను తీసి చక్రాల్లో గాలి వదిలేయడం అప్పటి రివాజు. వాటన్నిటినీ విప్పుతూ కూర్చుంటే మర్నాడు బస్సులు కదలవు. అందుకని మా రిజిస్టరులో రెండు మాటలు వచ్చాయి. 'గాలి పోయినది' అని రాస్తే చక్రం విప్పాలి. 'గాలి తీయబడినది' అని రాస్తే టైరు తప్పేం లేదు కాబట్టి పిన్ను బిగించి అక్కడే నింపేయొచ్చు. ఈ తెలివి నాదే. మేనేజరు శభాష్ అంటే పొంగిపోయాను కూడా.

ఒక బంద్ నాడు పొద్దున పది గంటలకు డ్రైవరు యాదయ్య కొత్తగూడ నుంచి ఫోన్ చేశాడు. వెనక ఎడమవైపు జత చక్రాలు రెండింటిలోనూ గాలి లేదు.

"గాలి తీసిండ్రు సార్. లోపల ఆడపిల్లలున్నరు, మంది ఎక్కువైతున్నరు. జర ముంగటికి తెచ్చి గల్లీల పెట్టిన."

నేను తెనాలివాణ్ని. నా చెవికి జర అంటే కొంచెం. కొంచెం అంటే నాలుగు గజాలు అనుకున్నాను. రిజిస్టరులో 'గాలి తీయబడినది' అని రాసి, సాయిలును, కంప్రెసరు ఉన్న వ్యాన్‌ను తీసుకుని సందుల్లోంచి బయల్దేరాను.

మేం వెళ్లేసరికి ఉద్యోగులు నడిచి వెళ్లిపోయారు. మధ్యాహ్నం రెండు గంటలకు మొదలయ్యే షిఫ్టుకు ఆ బస్సు కావాలని మేనేజరు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. సాయిలు బయటి చక్రం దగ్గర కూర్చుని, రింగు చుట్టూ వేలు తిప్పి చూశాడు.

"సార్, ఇది ఇప్పి చూద్దాం. రింగు జర జరిగినట్టున్నది."

"తీసిన గాలేనయ్యా. పిన్ను బిగించి పట్టు," అన్నాను. సాయిలు పిన్ను బిగించాడు. గొట్టం బిగించి, తను టైరుకు పక్కగా జరిగి నిలబడ్డాడు. నేను చక్రానికి ఎదురుగా నిలబడి మేనేజరుకు ఫోన్‌లో జవాబు చెబుతున్నాను. ఇన్నేళ్ల సర్వీసున్నవాణ్ని, కొత్తగా చేరినవాడు కూడా నిలబడని చోట నిలబడ్డాను.

"సార్, జర జరగుండ్రి," అన్నాడు సాయిలు. ఆగమని చెయ్యి చూపించాను. అతను చెయ్యి చాచి నా చొక్కా పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

చప్పుడు నాకు గుర్తు లేదు. రింగు పోయి ఎదురు ప్రహరీలో దిగి ఉంది. రెండు ఇటుకలు లేవు. నా చేతిలో ఫోన్ ఇంకా మాట్లాడుతోంది. సాయిలు నేలమీద కూర్చుని కుడిచేతిని ఎడమచేత్తో ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాడు. మోచేతి కింద అది చెయ్యిలా లేదు. యాదయ్యే "అన్నా, అన్నా" అంటూ పరుగెత్తుకొచ్చి, అతణ్ని వ్యాన్‌లో వేసుకుని దవాఖానకు పోయాడు. నన్ను తప్పించడానికి చాచిన చెయ్యి అది.

విచారణలో మేనేజరు యాదయ్యను నిలదీశాడు, బస్సును ఎంత దూరం నడిపావని. కొత్తగూడ చౌరస్తా నుంచి కిలోమీటరున్నర. బస్సు బరువంతా ఉత్త టైర్ల మీద పడి అంత దూరం నలిగితే రింగు గాడిలోంచి కదలక ఏమవుతుంది?

"జర నడిపిన అని సార్‌కు చెప్పిన," అన్నాడు యాదయ్య నావైపు చూసి. చెప్పాడు. లోపలున్న పిల్లలను రాళ్లకు వదిలేయకుండా అతను చేసింది సరైన పనే. ఆ జర ఎంతో నేను అడగలేదు. ఆ సంగతి నేనే చెప్పి, రిజిస్టరు తెరిచి నా రాత చూపించాను. నాకు మెమో ఇచ్చారు, తక్కువే ఇచ్చారు.

తీసినా, పోయినా, చక్రానికి తెలిసేది గాలి లేదన్న ఒక్క సంగతే. కారణం అడిగి మినహాయింపు ఇవ్వడం మా తప్పు. ఆ తర్వాత రిజిస్టరులో ఆ రెండు మాటలూ కొట్టేసి 'గాలి లేదు' అన్న ఒక్క మాటే ఉంచాం. అది రాసిన ప్రతి చక్రమూ విప్పి, బోనులో పెట్టి నింపాల్సిందే. సాయిలు చెయ్యి మళ్లీ గొట్టం పట్టలేదు. నేను రిటైరయ్యేదాకా యార్డు గేటు దగ్గర కూర్చుని రిజిస్టరులో 'గాలి లేదు' అని రాసింది అతనే, ఎడమచేత్తో.