పెంకుల స్లాబ్ కింద దావత్

మా సిద్దిపేటలో స్లాబ్ పడ్డ రోజు పనివాళ్లకు యాటకూర, బగారన్నం పెట్టకపోతే ఆ ఇల్లు కట్టినట్టే కాదు. పునాదికి ముగ్గు పోసిన రోజు కొబ్బరికాయతో సరిపెట్టొచ్చు, స్లాబ్ దావత్‌కు మాత్రం మినహాయింపు లేదు. అట్లాంటి దావత్ తిననని మొండికేసిన మేస్త్రిని నేను ఒక్కరినే చూశాను. ఆయన మా ఇంటి మేస్త్రి.

నేను డిప్లొమా కాలేజీలో సివిల్ పాఠాలు చెబుతాను. సిమెంటు కాల్చడానికి ఎంత బొగ్గు తగలబడుతుందో, ఇసుక తోడి తోడి వాగులు ఎట్లా ఎండుతున్నాయో ఏటా బోర్డు మీద రాస్తాను. ఒకసారి వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడమ్, మీ ఇల్లు దేంతోని కడుతున్నరు?" అని అడిగింది. అప్పటికి చంద్లాపూర్ దారిలో మా ప్లాటులో గోడలు లేస్తున్నాయి. నాకసలే ముక్కు మీద కోపం. అయితే ఆ రోజు కోపం ఆ పిల్ల మీద కాదు, జవాబు లేని నా మీద వచ్చింది.

జవాబు మా పెరట్లోనే ఉంది. మద్దూరులో అమ్మ పుట్టిన ఇల్లు విప్పినప్పుడు మేనమామలు బెంగుళూరు పెంకులన్నీ గుంతలో పోయబోయారు. "మా నాయిన ఒక్కొక్కటి చేత్తోని ఎక్కిచ్చిండు, గుంతలెట్ల పోస్తరు?" అని అమ్మ ట్రాక్టర్ మాట్లాడుకుని అన్నీ తెచ్చేసుకుంది. అప్పటినుంచి గోడవారన పేర్చి ఉన్నాయి. తేళ్లకు తప్ప ఎవరికీ పనికిరాలేదు.

స్లాబ్‌లో బరువు మోసేవి పై సగం కాంక్రీటు, కింద ఉండే ఇనుము. కింది సగం కాంక్రీటు చాలావరకు ఊరికే కూర్చుని తినే చుట్టం. ఇనుప చువ్వల మధ్య గళ్లలో దాని బదులు రెండేసి పెంకులు పెడితే సిమెంటు తగ్గుతుంది, స్లాబ్ తేలికవుతుంది, రెండు పెంకుల నడుమ గాలి ఎండ వేడిని తొందరగా దిగనివ్వదు. ఇది కొత్త సంగతేం కాదు. మా వీధికే కొత్త.

మేస్త్రికి చెప్పాను. మా ఊళ్లో ఏ వీధిలో చూసినా ఆయన పోసిన స్లాబ్ ఒకటి ఉంటుంది. నేను చాచా అంటాను, ఆయన నన్ను బేటీ అంటాడు. బీడీ ఆర్పి, ఒక పెంకును వేలితో కొట్టి చూశాడు.

"బేటీ, పెంకు పైన కప్పుతరు గని కాంక్రీట్ల పాతిపెడ్తరా? నా చేతిమీద పడ్డ స్లాబ్ గిప్పటిదాంక ఒక్కటి కారలే, ఒక్కటి కుంగలే. ముసలితనంల నా పేరు ఖరాబ్ చెయ్యకు."

లెక్కలు చూపించాను. మా కాలేజీ పెద్దసారు సరిచూసి సంతకం పెట్టిన డ్రాయింగ్ చూపించాను. ఆయన కాగితం వంక చూడనేలేదు. చివరికి అమ్మ చాయ్ అందిస్తూ, "భాయ్, నువ్వు పొయ్యకుంటె ఇది ఇంకోనితోని పోయిస్తది. మొండిది. గప్పుడు నిజంగనే పడ్తది" అంది. ఆయన నవ్వలేదు. పోస్తానన్నాడు, ఒక షరతు మీద.

"స్లాబ్ పోసిన నాడు దావత్ తినను. మూడు వారాలకు సెంట్రింగ్ ఇప్పుతం గదా, గప్పుడు నిలవడ్డదంటె తింట. నిలవడకపోతె ఈ ఇంట్ల నా చెయ్యి తడవద్దు."

సెంట్రింగ్ అంటే స్లాబ్ గట్టిపడేదాకా కింద మోసే రేకులు, కట్టెలు. అవి తీసేశాకే స్లాబ్ సంగతి తేలేది. నాకు ఒళ్లు మండింది. ఆ షరతు నా చదువుకు పెట్టినట్టనిపించింది. సరే అన్నాను.

స్లాబ్ పోసే పొద్దున వెళ్లేసరికి పెంకులన్నీ డ్రమ్ముల్లో నీళ్లలో మునిగి ఉన్నాయి. చూడగానే నేను చేసిన తప్పు గుర్తుకొచ్చింది. ఎండు పెంకు కాంక్రీటులోని నీళ్లు పీల్చేస్తుంది, ముందే నానబెట్టాలి. ఇన్నేళ్లు పాఠం చెప్పిన నేను ఆ ఒక్కటీ పనివాళ్లకు చెప్పడం మరిచిపోయాను. ఎవరు నానబెట్టారని అడిగితే కూలీ ఆమె, "చాచానే. ఇటుకనే నానబెట్టకుంట కట్టం, పెంకు ఎట్ల పెడ్తమన్నడు" అంది. నమ్మని మనిషి పెంకులెందుకు నానబెట్టాడో నేను అడగలేదు. అడిగితే తిడతాడు.

సాయంత్రానికి స్లాబ్ పడింది. ఎప్పుడూ ఆఖర్లో సిమెంటు చాలక దుకాణానికి మనిషిని ఉరికించేవాళ్లు ఈసారి మిగిలిన బస్తాల మీద కూర్చుని చాయ్ తాగారు. దావత్ లేదని తెలిసి ముఖాలు మాడ్చుకున్నారు. ఉత్త కడుపుతో పంపడం మంచిది కాదని అమ్మ అందరికీ అటుకులు కలిపి పెట్టింది. చాచా అవీ ముట్టలేదు.

తర్వాత స్లాబ్ మీద పొలంలాగా మళ్లు కట్టి నీళ్లు నిలిపాం. కాలేజీకి పోయే ముందు నీళ్లు పెడదామని రోజూ పైకెక్కితే మళ్లు అప్పటికే నిండి ఉండేవి. నాకంటే ముందే చాచా వచ్చి పోతున్నాడని పక్క ప్లాటు వాచ్‌మన్ చెప్పాడు. లెక్క తప్పదని నాకు తెలుసు. అయినా భయం పోలేదు. తప్పితే నేను ఇంకో స్లాబ్ పోయించుకోగలను, ఆయన ఇంకో పేరు సంపాదించుకోలేడు.

సెంట్రింగ్ విప్పే రోజు అమ్మ పొద్దున్నే ప్లాటులో పొయ్యి పెట్టింది. మటన్ చాచాకు తెలిసిన దుకాణంలోనే తెప్పించింది. "నిలబడకపోతే?" అన్నాను. "గా సంగతి కూరకు తెల్వది గదా, ఉడుకుతది" అంది.

పనివాళ్లు నడుమ నుంచి గోడల వైపుకు ఒక్కో కట్టె తీస్తూ వచ్చారు. చాచా మమ్మల్నందరినీ బయటకు పంపి, తాను గుమ్మంలో నిలబడ్డాడు. రేకు ఊడి కింద పడినప్పుడల్లా నా ప్రాణం పోయి వచ్చింది. ఆఖరి కట్టె కూడా వచ్చేసింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

లోపలికి వెళ్లి చూస్తే కప్పు నిండా ఎర్రటి పెంకులు, వరుసలు వరుసలుగా. అమ్మ తలెత్తి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాయిన పెంకులు" అంది. చాచా ఈ గోడ నుంచి ఆ గోడకు దారం లాగి చూశాడు. కుంగు లేదు. అటు తిరిగి ఇంకోసారి లాగాడు. దారం చుట్టి జేబులో పెట్టుకుని, "ఆకులెయ్యున్రి" అన్నాడు.

పనివాళ్లు బయట నీడ వెతుక్కుంటున్నారు. "గాడ కాదు, గీడ" అని చాచా స్లాబ్ కింద నట్టనడుమ, కుంగితే ముందు కుంగే చోట, ఖాళీ సిమెంటు సంచి పరుచుకుని కూర్చున్నాడు. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఆయన చుట్టూ కూర్చున్నారు. నేనే వడ్డించాను. ఉద్యోగం ఆర్డరు చేతికొచ్చిన రోజు కూడా నేను అంత పొంగిపోలేదు.

రెండోసారి కూర వేయించుకుంటూ ఆయన అమ్మను అడిగాడు.

"చెల్లె, ఇంక పెంకులున్నయా?"

"కొన్ని ఉన్నయి భాయ్. ఏంటికి?"

"మా బిడ్డ ఇంటికి స్లాబ్ పొయ్యాలె."